మంచినీళ్ళ చెరువులో సముద్రం

మా నరవపాలెం పురపాలక సంఘానికి సముద్రం లేదు. ఉన్నదల్లా ఒక మంచినీళ్ళ చెరువు, గట్టుమీద పంపు షెడ్డు, షెడ్డు పక్కన ‘ఇందు పశువులను కడుగరాదు’ అన్న బోర్డు. ఏటా ఏప్రిల్ మధ్యలో కాలవలు కట్టేస్తారు. ఆలోగా ఆ చెరువు నింపుకుంటే, జూన్‌లో మళ్ళీ కాలవలు వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. అంచేత కిందటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా ఆయన భోంచేస్తూ, “ఇవాళ్టినుంచి మన చెరువు సముద్రం” అన్నప్పుడు ఇంకొకావిడైతే కంగారుపడేది. నేను మజ్జిగ పోశాను. మా ఆయన పురపాలక సంఘం ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ ఆఫీసు శ్మశానాన్ని పార్కుగానూ, పార్కుని కూరగాయల మార్కెట్టుగానూ కాగితం మీద మార్చడం చూసినదాన్ని. సముద్రమొక్కటే తక్కువైంది.

సంగతేమిటంటే, ఆనందరాజు సినిమా తీస్తున్నాడు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ వీడియో తీసేది అతనే. అప్పగింతల దగ్గర ఏడవని పెళ్ళికూతుర్ని కూడా తెరమీద ఏడిపించగల సమర్థుడు. ఇరవయ్యేళ్ళుగా అతనికొకటే కోరిక, మోషే కథ తియ్యాలని. ఐగుప్తు రాజు ఫరో చేతికింద బానిసలైన ఇశ్రాయేలీయుల్ని మోషే విడిపించుకుని రావడం, దారికి అడ్డంగా సముద్రం ఉంటే అది రెండుగా చీలిపోవడం, వాళ్ళంతా నడిమధ్యన ఆరిన నేలమీద దాటిపోవడం, వెనకే తరుముకొచ్చిన ఫరో సైన్యంమీద సముద్రం మళ్ళీ కలిసిపోవడం. సినిమా పేరు ‘ఆరిన నేల’.

ముందు అసలు సముద్రం దగ్గరికే వెళ్ళారు. అలలు ఎవరు చెప్పినా వినలేదు. ఉప్పునీటి తుంపరకి మోషే గడ్డం సగం ఊడి చెవికి వేలాడింది. మోషే మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు. గడ్డం ఊడినా నిటారుగా నిలబడ్డారుగానీ, లాభం లేకపోయింది. దాంతో ఆనందరాజు చెరువుకోసం కమిషనర్ చక్రధరరావు గారి దగ్గరికి దరఖాస్తు పట్టుకుని వెళ్ళాడు.

“త్రాగునీటి చెరువును చిత్రీకరణ నిమిత్తం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం” అన్నారట కమిషనర్ గారు.

“సినిమాలో అది చెరువు కాదు సార్. సముద్రం.”

కమిషనర్ గారు ఇంజనీరు కూర్మనాథం గారి వంక చూశారు. కూర్మనాథం గారు నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు.

“సముద్రాన్ని ఇవ్వకూడదని ఎక్కడా లేదు సార్.”

“ఎందుకు లేదయ్యా?”

“మనకి సముద్రం లేదు కదండీ.”

“అయితే సదరు చెరువును ఫైలులో సముద్రముగా పరిగణించండి” అన్నారు కమిషనర్ గారు. పరిగణించారు. మా ఆయన చేతిరాతతోనే అది సముద్రమైంది. ఉత్తర్వు కాపీ భోజనాల బల్లమీద పెడితే చదివాను. విషయము: నరవపాలెం పట్టణ సముద్రమును రెండుగా చీల్చుట, అనుమతి మంజూరు గురించి. కింద పదకొండు షరతులు. చీల్చు సమయమున ఇంజనీరింగు సిబ్బంది హాజరుండవలెను. పండుగ దినములలో చీల్చరాదు. చిత్రీకరణ పూర్తి అగు వరకు ఈ అనుమతి అమలులో యుండును.

చెరువు నడుమ గట్టునుంచి గట్టుదాకా రెండు వరసలుగా ఇసక బస్తాలు పేర్చారు. మధ్యనున్న నీళ్ళు మోటార్లతో తోడేశారు. బస్తాల మీద నీలం టార్పాలిన్లు కప్పి, పైనుంచి నీళ్ళు జారేలా గొట్టాలు పెట్టారు. కెమెరాని నేలకి ఆనించి పెడితే మెడెత్తు నీళ్ళు మేడెత్తు కనిపించాయట. ఇశ్రాయేలీయులు బేతేలుపేట వాళ్ళు. ఊరికి ఆ చివరున్న పేట అది. మా ఇంట్లో అంట్లు తోమే సువార్త ఆ పేట మనిషే. వరసలో అందరికన్నా ముందు, నెత్తిన బిందెతో సముద్రం దాటింది.

“ముప్పైసార్లు దాటించాడండి ఆనందరాజు. ఒకసారేమో నేను నవ్వానంట, ఒకసారేమో బిందె మెరిసిందంట. ఆ మోసేగారితో వచ్చినోళ్ళు ఒక్కసారే దాటారు గదండి, మాకేంటి ఈ కర్మ అన్నాను.”

“ఏమన్నాడు?”

“ఆళ్ళకి కెమెరా లేదు అత్తా, అన్నాడండి.”

దాటడం అయింది. ఇక ఫరో సైన్యం మునగాలి. ఆనందరాజు గట్టెక్కి, “బస్తాలు కొయ్యండి” అన్నాడు. షరతు ప్రకారం గొడుగేసుకుని హాజరున్న కూర్మనాథం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉత్తర్వు చూడవయ్యా. చీల్చుటకు అనుమతి. కలుపుటకు లేదు.”

“చీల్చాక కలపాలి కద సార్. కథే అది.”

“కథ నీది. ఉత్తర్వు మాది. నీ దరఖాస్తులో నువ్వేమడిగావు? సముద్రం చీల్చుట. చీల్చి ఇచ్చాం. కలుపుటకు వేరే దరఖాస్తు పెట్టుకో.”

పెట్టుకున్నాడు. అది ఆఫీసులో ఎవరి బల్లమీదా నిలవలేదు. చెరువైతే పురపాలక సంఘం కలుపుతుంది. సముద్రాన్ని కలపడానికి పురపాలక సంఘానికి అధికారం ఎక్కడిది? ఏ శాఖకి ఉందో తెలపవలసిందిగా రాజధానికి రాశారు. రాజధాని నుంచి మూడు వారాలకి జవాబొచ్చింది. సదరు సముద్రము ఏ మహాసముద్రములో భాగమో తెలియజేయగలరు.

ఆనందరాజు ఇక ఆగలేక ఫరో సైన్యాన్ని తన మేనమామ రొయ్యల చెరువులో ముంచేశాడు. రొయ్యలకి గాలి ఆడేందుకు నీళ్ళని చిలికే చక్రాలుంటాయి చూడండి, అవి పన్నెండూ ఒక్కసారిగా తిప్పేసరికి ఐగుప్తు సైన్యం నురగలో కలిసిపోయింది. ఒకరిద్దరు సైనికుల కిరీటాల్లో రొయ్యలు కూడా దొరికాయని సువార్త చెప్పింది.

గుడ్‌ఫ్రైడేకి ‘ఆరిన నేల’ విడుదలైంది. ఇంత ఆడుతుందని ఆనందరాజు కూడా అనుకోలేదు. చుట్టుపక్కల చర్చి సంఘాలవాళ్ళు ట్రాక్టర్లలో వచ్చారు. వాళ్ళని చూసి కోనసీమవాళ్ళు బస్సుల్లో వచ్చారు. రెండో వారానికి మా వీధి పురోహితుడుగారు కూడా చూసొచ్చి, “నీళ్ళ సీను బావుందమ్మా. ఆ డ్రిల్లు మాస్టారు కర్ర ఎత్తడం మాత్రం జెండావందనంలా ఉంది” అన్నారు. నేనూ వెళ్ళాను. సముద్రం విచ్చుకుని, నీలం గోడలమధ్య సువార్త బిందెతో నడిచొస్తుంటే హాల్లో జనం లేచి నుంచున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. రోజూ చూసే మనిషే. మా ఇంట్లో బోర్లించిన గిన్నెలముందు అంత నిబ్బరంగా ఎన్నడూ కనిపించలేదు.

సినిమా చూసినవాళ్ళు తిన్నగా చెరువుకొచ్చేవాళ్ళు. అక్కడ సముద్రం చీలే ఉంది. బస్తాలమధ్య చెప్పులు విప్పి అటూ ఇటూ నడిచేవాళ్ళు. కమిషనర్ గారు ఈ మాట పైకి రాశారు. పైనుంచి అభినందన పత్రం వచ్చింది. జల నిర్వహణలో వినూత్న విధానములు అవలంబించినందుకుగాను రాష్ట్రంలో ప్రథమ స్థానం. దానికి చట్రం కట్టించి ఆఫీసు గుమ్మంలో తగిలించారు. గట్టుమీద పాత బోర్డు పీకేసి, ‘సముద్రము చీలిన స్థలము. యథాతథ స్థితిని భంగపరచువారు శిక్షార్హులు’ అని కొత్తది పాతారు.

ఇక్కడ కాస్త చెరువు గురించి చెప్పాలి. కాలవనీళ్ళు వచ్చి పడే తూము పడమటి పక్కనుంది. ఊళ్ళోకి నీళ్ళు తోడే పంపు తూర్పు పక్కనుంది. మధ్యన ఇప్పుడు రెండు వరసల బస్తాలు. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసేముందు వదిలిన నీళ్ళన్నీ పడమటి సగంలో నిండి గట్టు అంచుదాకా వచ్చాయి. తూర్పు సగంలో ఉన్నదే మిగిలింది. పంపు దాన్ని రోజూ తోడింది.

మే మొదటి వారానికి మా కుళాయి దగ్గడం మొదలెట్టింది. రెండో వారానికి రోజు విడిచి రోజు. బేతేలుపేటకి మామూలు రోజుల్లోనే నీళ్ళు చివర చేరతాయి. ఇప్పుడు అసలు చేరడం మానేశాయి. సువార్త తెల్లారకుండా లేచి కాలవ లాకుల దగ్గరి బోరింగుకి నడిచిపోయి, మూడు బిందెలు తెచ్చుకునేసరికి ఎండెక్కేది. పని చేసే నాలుగిళ్ళలో రెండిళ్ళవాళ్ళు ఆలస్యమవుతోందని మాన్పించేశారు. పైగా కూతురు రిబ్కా పురుటికొచ్చింది. నెలాఖరుకి నెలలు నిండుతాయి.

“పురిటింటికి ఎన్ని నీళ్ళు కావాలండి అమ్మగారూ. పిల్లకి పోయాలి, తల్లికి పోయాలి, బట్టలున్నాయి. మూడు బిందెల్తో ఏం చేత్తాను. అల్లుడుగారి తల్లి అప్పుడే అందండి, మీ ఊళ్ళో నీళ్ళు లేకపోతే మా ఊరు తీసుకుపోతామని. తొలిచూలు పురుడు పుట్టింట్లో చెయ్యలేకపోయానంటే నలుగురూ ఏమంటారు.”

అంట్లకి నీళ్ళు తక్కువ వాడాలని ఆవిడ గిన్నెని ముందు బూడిదతో పొడిగా తోమి, ఒక్క చెంబుతో కడుగుతోంది. ఆ సోమవారం అర్జీల రోజు. నేను అర్జీ రాసి, ఆవిడతో కలిసి ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన మమ్మల్ని చూసి ఒక లావుపాటి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

కమిషనర్ గారు అర్జీ చదివి ఇంజనీరుగారికి అందించారు. “నీటి ఎద్దడి అంటున్నారే.”

“లేదండీ” అన్నారు కూర్మనాథం గారు. “నీటిమట్టం కొలబద్ద ఈ ఉదయమే స్వయంగా చూశాను. చెరువు పూర్తి మట్టంలో ఉంది.”

“కొలబద్ద ఏ పక్కనుందండీ?” అన్నాను.

“పడమటి పక్కనమ్మా.”

“పంపు?”

“తూర్పు పక్కన. అయితే రికార్డు ప్రకారం చెరువు ఒక్కటే కదా. కొలబద్దా ఒక్కటే.”

సువార్త ముందుకొచ్చింది. “ఏమండీ బాబూ, ఆ పక్క నిండుగుంది, ఈ పక్క ఎండిపోయింది. మద్దిలో నాలుగు బత్తాలు తీసేత్తే అయిపోద్ది గదండి.”

“ఏమ్మా, సముద్రాన్ని కలపడమంటే నాలుగు బస్తాలనుకున్నావా?” అన్నారు కమిషనర్ గారు, జాలిగా. “విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది.”

“పోనీ టాంకరైనా పంపండి” అన్నాను.

“ఎద్దడి ప్రకటిస్తేగానీ టాంకరు పంపే వీలు లేదు. చెరువు నిండి ఉండగా ఎద్దడి ఎలా ప్రకటిస్తాం? మొన్ననే అవార్డు వచ్చింది కూడాను.”

అప్పుడే శానిటరీ ఇన్‌స్పెక్టరు సంతకానికొక నోటు తెచ్చాడు. కమిషనర్ గారు అది చదివి గంభీరంగా తలాడించారు. సదరు జలాశయము సముద్రముగా పరిగణింపబడినందున, సముద్ర జలము త్రాగుటకు యోగ్యము కానందున, తూర్పు భాగమునుండి జరుగుచున్న సరఫరాను సైతము ప్రజారోగ్య దృష్ట్యా నెలాఖరులోగా నిలిపివేయవలెను.

“అందులో పాయింటుంది” అన్నారు కమిషనర్ గారు.

బయటికొచ్చాం. సువార్త అవార్డు చట్రం దగ్గర ఆగి అందులో తన ముఖం చూసుకుని కొంగుతో చెమట తుడుచుకుంది.

“ఆ కమిషనర్ గారు సినిమా చూశాడాండి?” అంది.

“మూడుసార్లు చూశారట.”

“మూడుసార్లు చూసినా ఫరో ఏమయ్యాడో కనపళ్ళేదు గదండి, పాపం” అంది.

ఇంటికొచ్చి నేను ఉత్తర్వు కాపీ మళ్ళీ తీశాను. కలపడానికి అనుమతి లేదు, నిజమే. కానీ చిత్రీకరణ పూర్తి అగు వరకు అనుమతి అమలులోనే ఉంది. పూర్తయిందని ఎవరన్నారు? ఆ సాయంత్రం ఆనందరాజుకి కబురు పెట్టాను. కాఫీ తాగుతూ అంతా విని, మెల్లిగా గ్లాసు కింద పెట్టాడు.

“అక్కా, రెండో భాగానికి నా దగ్గర కథ లేదు.”

“కథెందుకు. కమిషనర్ గారికి వేషముంటే చాలు.”

మర్నాడు ఆనందరాజు కమిషనర్ గారి గదిలోకి వెళ్ళిన పావుగంటకే టీలు, ఇంకో పావుగంటకి మరో విడత టీలు వెళ్ళాయని మా ఆయన చెప్పారు. వేషం ఫరో మహామంత్రి. మొదట ఫరోనే ఇస్తానన్నాడట, కానీ ఫరో సైన్యంతో మునుగుతాడని తెలిసి కమిషనర్ గారు ఇష్టపడలేదు. మంత్రికైతే మునిగే పని లేదు. గట్టుమీద నిలబడి చెయ్యెత్తుతాడు, సముద్రం కలిసిపోతుంది. కూర్మనాథం గారికి ఐగుప్తు ప్రధాన ఇంజనీరు వేషం. అంతకుముందు అలాంటి పాత్ర బైబిల్లో ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

ఈ మాట విని సువార్త నొచ్చుకుంది. “తప్పు గదండి. చెయ్యెత్తింది మోసేగారు.”

“అప్పుడు మోషే ఎత్తితే కలిసింది అత్తా” అన్నాడు ఆనందరాజు. “నరవపాలెంలో కమిషనర్ గారు ఎత్తితేనేగానీ కలవదు. నువ్వే చెప్పు, ఏం చేద్దాం.”

ఆవిడ కొంగు దోపుకుంది. “బైబిల్లో దేవుడు గాడిద చేత కూడా మాట్టాడించాడు లెండి” అంది.

గురువారం పొద్దున్నే షూటింగు. బేతేలుపేట ఆడవాళ్ళు యాభైమంది సినిమా బట్టలు కట్టుకుని, గునపాలూ పారలూ పట్టుకుని వచ్చారు. ఇశ్రాయేలీయుల చేతికి గునపాలెందుకని కూర్మనాథం గారు అడిగితే, ఐగుప్తులో వాళ్ళచేత ఇటుకలు చేయించారు కదా సార్, ఆ పనిముట్లు అన్నాడు ఆనందరాజు. నిండు నెలలతో రిబ్కా కూడా గట్టుమీద కుర్చీలో కూర్చుంది. పురోహితుడుగారు మోషే పక్కన నిలబడి కర్ర ఎలా పట్టుకోవాలో చెబుతున్నారు. కమిషనర్ గారు జరీ అంచు పట్టుబట్ట భుజాన వేసుకుని, నుదుటికి అట్టపాము కట్టుకుని కారు దిగారు. ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత ఆయనే కూర్మనాథం గారిని పిలిచి, “నేను చెయ్యెత్తగానే బస్తాలు తెగాలి. ఆలస్యమైతే నా ముఖంలో భావం పోతుంది” అని హెచ్చరించారు. మా ఆయన ఉత్తర్వు ఫైలు చంకలో పెట్టుకుని, ఇటు చూడకుండా కాలవవైపు చూస్తూ నిలబడ్డారు.

దారిలో ఎవరూ లేరని సువార్త ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి చూసొచ్చింది. ఆనందరాజు కెమెరా వెనక వంగి, “యాక్షన్” అన్నాడు.

కమిషనర్ చక్రధరరావు గారు చెయ్యెత్తారు. కూర్మనాథం గారు, ప్రధాన ఇంజనీరు హోదాలో, “కొయ్యండి, ఇక్కడ, ఇంకా కిందికి, ఏంటలా చూస్తారు, సార్ చెయ్యి నొప్పెడుతుంది” అని కేకలు వేస్తూ ముందుకి దూకి, తనే ఒక బస్తా పీకారు. మిగతావి యాభైమందీ పీకారు. పడమటి నీళ్ళు ముందు సన్నగా, ఆ తర్వాత ఒక్క ఉరుకున దారిలోకి పడి, తూర్పు బస్తాల్ని కూడా తోసుకుని అవతలికి పోయాయి. పంపు షెడ్డు కాపలావాడు ఎవరూ చెప్పకుండానే మోటారు వేశాడు.

కమిషనర్ గారు చెయ్యి దించకుండానే అడిగారు. “ఎలా వచ్చింది?”

“అద్భుతం సార్.”

“ఒక్కసారి మళ్ళీ చేద్దామా? వేళ్ళు కొంచెం దగ్గరగా పెట్టాను.”

“చేద్దాం సార్. కాకపోతే మళ్ళీ చీల్చాలి. దరఖాస్తు పెట్టమంటారా?”

కమిషనర్ గారు చెయ్యి దించి నీళ్ళవైపు చూశారు. సముద్రం నిజంగానే కలిసిపోయిందన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టిందని నా అనుమానం. ఆ కెమెరాలో మెమరీ కార్డే పెట్టలేదన్న సంగతి మాత్రం ఆయనకి ఇప్పటికీ తెలీదు. సినిమా విడుదలెప్పుడని వారానికోసారి ఆనందరాజుని అడుగుతూనే ఉన్నారు. ఎడిటింగులో ఉందని అతను చెబుతూనే ఉన్నాడు.

మర్నాటికి మా కుళాయికి ధార వచ్చింది. మూడోనాటికి బేతేలుపేటకి చేరింది. మొదటి గంట బురదగా, ఆ తర్వాత తేటగా. ఆదివారం తెల్లవారుజామున రిబ్కాకి ఆడపిల్ల పుట్టింది. తల్లి ఇంట్లోనే పురుడు.

ఆ మర్నాడు రాజధాని నుంచి ఫోను వచ్చింది. యథాతథ స్థితిలో ఉండవలసిన సముద్రాన్ని ఎవరు కలిపారు, ఎవరి అనుమతితో, ఇరవైనాలుగు గంటల్లో నివేదిక పంపాలి. ఆఫీసులో ఆరోజు ఎవరూ భోజనానికి వెళ్ళలేదు. నేను క్యారేజీ పంపాను. మా ఆయన సాయంత్రం ఇంటికి వస్తూ నివేదిక కాపీ తెచ్చారు. ఇంజనీరుగారు రాసింది, కమిషనర్ గారు సంతకం పెట్టింది. క్షేత్రస్థాయి విచారణలో తేలినదేమనగా, సదరు సముద్రము ఏ అధికారి, ఏ సిబ్బంది, ఏ పౌరుని ప్రమేయము లేకుండ తనంతట తానే కలిసినది.

“అద్భుతమని రాశారన్నమాట” అన్నాను.

“అలాంటి మాట రాయడానికి మాకు అధికారం లేదు” అన్నారు మా ఆయన. “ప్రమేయము లేకుండ అని రాశాం.”

ఆ కాపీ పట్టుకుని బేతేలుపేట వెళ్ళాను. సువార్త గుమ్మంలో పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళమీద మనవరాల్ని పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. పక్కన గంగాళం నిండా వేణ్ణీళ్ళు. కుళాయి కింద ఇంకో బిందె నిండుతోంది. పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తోంది. నేను కాగితం చదివి వినిపించాను. ఆవిడ పిల్ల వీపుమీద నీళ్ళు పోస్తూనే వింది.

“అంటే ఎవరూ కలపలేదంటండి?”

“ఎవరూ కలపలేదట.”

“అయితే ఈ నీళ్ళు మాకు ఎవరూ ఇవ్వలేదన్నమాట.”

“కాగితం ప్రకారం అంతే.”

సువార్త పిల్లని తిప్పి, అరచేత్తో ముఖం తుడిచి, తువ్వాల్లో చుట్టింది.

“అలాగే ఉండనివ్వండి అమ్మగారూ” అంది. “ఎవరూ ఇవ్వనిదాన్ని ఎవరూ వచ్చి పట్టుకుపోలేరు గదండి.”